గ్రహణం నాడు కట్టిన ముళ్ళు

ముందుగా ఒట్టు పెడతాను. నా ఎడమ భుజానికి ఏళ్ళ తరబడి వేలాడిన టీకాల ఐసు డబ్బా మీద ఒట్టు. దాని పట్టీ ఒరుసుకుని నల్లగా కాయ కాచిన ఆ భుజం మీద ఒట్టు. ఇందులో రాసే ప్రతి మాటా నిజం. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరి పోలియో చుక్కలు పట్టుకుని గల్లీలు తిరుగుతున్న మీలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి అబద్ధమాడే ధైర్యం కూడా లేదు. మీరంతా బస్సెక్కి వెళ్ళి విచారించగల వయసులో ఉన్నారు.

నాతో కలిసి పనిచేసిన సిస్టరు మాత్రం నా గురించి కొత్తవాళ్ళను ముందే హెచ్చరించేది. "ఈ సారు చెప్పిన దాంట్ల సగం తీసెయ్యాలె. మిగిలిన సగం ఎవర్నన్న అడిగి నమ్మాలె" అనేది. ఆమెది నల్గొండలో బట్టలు కుట్టే ముస్లిం కుటుంబం. నవ్వకుండా నవ్వించడం, అరవకుండా తిట్టడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్యలు.

ఆమె తీసెయ్యమన్న సగంలో అచ్చంపేట ఎలుగుబంటి ఒకటి. నా మొదటి పోస్టింగు ఆ అడవి అంచున. ఓ గూడేనికి నడిచి వెళ్తూ అలసిపోయి దారిలో కునుకు తీశాను. లేచేసరికి ఎలుగుబంటి ఒకటి డబ్బా మూత తీసి, మందు సీసాలను పక్కకు నెట్టి, ఐసు నాకుతోంది. నేను కదల్లేదు. అది తృప్తిగా నాకి, మూతి తుడుచుకుని, తన దారిన పోయింది. మూత పెట్టి పోలేదన్న బాధ తప్ప దానిమీద నాకే కోపమూ లేదు.

నేను చెప్పదలచుకున్నది అచ్చంపేట కథ కాదు. తర్వాత నన్ను నల్గొండ జిల్లాకు మార్చారు. నార్కట్‌పల్లిలో బస్సు దిగి, ఇంకో బస్సు పట్టుకుని లోపలికి పోతే వచ్చే నేతపని ఊరు. నల్గొండ నుంచి టీకా మందు తెచ్చే రోజు నార్కట్‌పల్లిలో రెండో బస్సు ఆలస్యమైతే నా గుండె కూడా ఐసుతో పాటే కరిగేది. మందు వేడెక్కితే పనికిరాదు. పనికిరాని మందు వేసి, తర్వాత పిల్లకు జబ్బు చేస్తే, ఆ తల్లి ముఖం ఎలా చూస్తాం.

ఐసు డబ్బా కాకుండా నా దగ్గరున్న పనిముట్టు ఇంకొకటే, కట్టుకథ. తల్లి భయపడితే ఓ కథ, తండ్రి కసురుకుంటే ఇంకో కథ. అన్నిటికన్నా బాగా పనిచేసే కథ, "మా పిల్లలకు గూడ ఇదే సూది ఏయించిన" అన్నది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. అయినా బజారులో నాకు ఇద్దరు పిల్లలు, రంగులద్దేవాళ్ళ గల్లీలో ఐదుగురు, నేతగల్లీలో ముగ్గురు. అవసరాన్ని బట్టి కంటూ పోయాను.

నేతగల్లీలో మాత్రం నా కథలేవీ చెల్లేవి కావు. దానికి కారణం ఒక పిల్లవాడు.

నేను ఆ ఊరికి వెళ్ళిన కొత్తలో, సిస్టరు సెలవులో ఉన్న ఓ రోజు, ఆ పిల్లవాడికి మూడు రోగాల సూది, అదే మీ డీపీటీ, నా చేత్తో నేనే వేశాను. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది. మర్నాటికి తగ్గింది. అందరు పిల్లలకూ వచ్చేదే. కాని ఏడాది దాటింది, రెండేళ్ళు దాటాయి, పిల్లవాడు మాట్లాడలేదు. పిలిస్తే చూడడు. ఎత్తుకుంటే బిగుసుకుపోతాడు. నూలు చుట్టే చరఖా ముందు కూర్చుంటే పొద్దుపోయేదాకా ఆ చక్రాన్నే చూస్తాడు. నూలు చుట్టే కండెను నేలమీద గిర్రున తిప్పుతాడు, ఆగితే మళ్ళీ తిప్పుతాడు. ఎవరైనా గట్టిగా అరిస్తే చెవులు మూసుకుని మగ్గం వెనక్కి పోతాడు.

ఆ తీరుకు ఆటిజం అని ఒక పేరుందని, అది కడుపులో ఉన్నప్పుడే మొదలయ్యేదని, టీకాతో దానికి సంబంధం లేదని ఈ మధ్యే హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ నాకు విడమరచి చెప్పింది. అప్పుడు మాకు పేరు కూడా తెలియదు. మా డాక్టరు గారిని అడిగితే క్యూలో ఉన్న రోగుల మీంచి తల తిప్పకుండా "సూదికి జ్వరమొస్తుంది, మాట పోదు" అన్నారు. విన్నాను. వినగానే ధైర్యం వచ్చేది, ఆ గల్లీ మలుపు తిరగ్గానే పోయేది. ఆ పిల్లవాడు చక్రం వైపు చూస్తూ కూర్చుంటే నా కళ్ళు నా కుడిచేతి మీదికి పోయేవి.

గల్లీ అంతా తలుపులు వేసుకుంది. డబ్బా కనబడితే చాలు, చంటిపిల్లల్ని లోపలికి తీసుకుపోయేవారు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. పిల్లవాడికి బడి వయసు వచ్చింది. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తట్టుకు కొత్తగా టీకా వచ్చింది. తట్టు అంటే మీకు పుస్తకంలో ఒక పేరా. మాకు అది ఒంటి నిండా ఎర్రటి పొక్కులు, మంటలాంటి జ్వరం, తర్వాత పట్టుకునే దగ్గు. ఆ ఎండాకాలం మొదట్లో అది రంగులద్దేవాళ్ళ గల్లీలోకి వచ్చింది. ఒక చంటిపిల్ల దగ్గి దగ్గి పోయింది. ఆ గల్లీకి, నేతగల్లీకి మధ్య ఉన్నది ఒక గోడ, ఒక నీళ్ళ నల్లా. నల్లా దగ్గర రెండు గల్లీల ఆడవాళ్ళూ పిల్లల్ని చంకనేసుకుని నిలబడేవారు.

ఆ ఇంటి ఆడపిల్లకు తొమ్మిది నెలలు నిండాయి. టీకా వెయ్యాల్సిన వయసు.

నేనూ సిస్టరూ వెళ్ళాం. గడపలో కూర్చుని నూలు చుడుతున్న నానమ్మ మమ్మల్ని చూడగానే పలకరించింది.

"వచ్చినవా సారు. ఉన్న ఒక్కదాన్ని గూడ మూగదాన్ని చేసి పో."

లోపల గుంటమగ్గంలోంచి, ఆడించే కాళ్ళు ఆపకుండానే, ఆమె కొడుకు అన్నాడు. "సూది కాదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు. నల్గొండ దవాఖానల పట్కారుతోటి నెత్తి పట్టి గుంజిండ్రు. గప్పుడే ఏదో నరం చెదిరింది."

"గుంజకపోతే పిల్లగాడు లోపల్నే పోతుండె. నీ పెండ్లాం గూడ పోతుండె. గది యాది లేదా?" అంది సిస్టరు.

"యాదున్నది సిస్టరమ్మా. గా పట్కారుకు దండం పెడ్త. తిడ్త గూడ."

ఆ భయంతోనే రెండో కాన్పుకు భార్యను దవాఖానకు తీసుకుపోలేదతను. ఇంట్లోనే మంత్రసాని చేతుల మీదుగా కానిచ్చారు. ఆ ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క దోషి ఉన్నాడు. అత్తకు నా సూది, కొడుక్కు పట్కారు. కోడలు మాత్రం ఏమీ మాట్లాడకుండా మూల కూర్చుని పని చేసుకుంటోంది.

ఆ పని ఏమిటో చెప్పాలి. నూలు పోగులను చట్రం మీద పరిచి, బొమ్మ గీసుకున్న చోటల్లా రబ్బరు ముక్కలతో గట్టిగా ముడి వేస్తారు. తర్వాత రంగులో ముంచుతారు. ముడి కింద రంగు పట్టదు. నేసినప్పుడు అక్కడే పువ్వు, చిలుక తేలతాయి. ఆ ముళ్ళు కట్టేది ఆడవాళ్ళు. ఆమె వేళ్ళు ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు చేతనైన పని నేను మొదలుపెట్టాను. "అవ్వా, నా పిల్లలకు గూడ ఇదే సూది ఏయించిన. గుండ్రాళ్ళ లెక్క ఉన్నరు."

కోడలు తల ఎత్తింది. "ఎంతమంది సారు నీకు?"

"ముగ్గురు."

"రంగులోళ్ళ గల్లీల ఐదుగురన్నవట. బజార్ల ఇద్దరన్నవట. గింతమందిని కన్నవు, నీ అత్తగారి ఊరేదో ఇప్పటిదాంక ఎవరికీ తెల్వదు."

మగ్గం ఆగింది. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిస్టరు పైకప్పు వైపు చూసింది.

"నీ పిల్లల తీరుగనే నీ సూది ముచ్చట గూడ అనుకోవాల్నా?" అని ఆమె మళ్ళీ ముళ్ళలో పడింది.

తిరిగి వస్తుంటే సిస్టరు నన్ను తిట్టలేదు. అది ఇంకా ఘోరం. నల్లా దాటాక అంది. "ఒక్కటి చూసినవా? మొగుడు పట్కారును తిట్టిండు. అత్త సూదిని తిట్టింది. ఆ పిల్ల ఒక్కదాన్ని గూడ తిట్టలే."

"అయితే?"

"ఏందో ఉన్నది. నువ్వు జర నోరు మూసుకోని ఉంటే బయటికొస్తది."

తర్వాతి బుధవారం. టీకాల రోజు. కిరాయికి తీసుకున్న ఓ గదిలో మా ఉపకేంద్రం. పొద్దున్నే ఆ కోడలు ఒక్కతే వచ్చింది, తలనొప్పి గోలీ కావాలని. గోలీ చేతిలో పెట్టినా కదల్లేదు. నేను మూలన డబ్బాలో ఐసు సర్దుతున్నాను. నన్ను చూసింది. చూసి, నన్నొక మనిషిగా లెక్కలోకి తీసుకోకుండా సిస్టరుతో అంది.

"సిస్టరమ్మా, సూదితోటి కాదంటవు. పట్కారుతోటి కాదంటవు. మరి దేంతోటి గట్లయిండు వాడు?"

నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచాను. సిస్టరు చూసిన చూపుకు మూసుకున్నాను.

"నాకు తెల్వదు" అంది సిస్టరు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఏ తల్లికీ చెప్పని మాట అది. ఇక ఈ గల్లీ శాశ్వతంగా పోయిందనుకున్నాను. ఆమె మాత్రం అక్కడే గోడకానుకుని కూర్చుంది.

"దవాఖానోళ్ళకు గూడ తెల్వదా?"

"నాకైతే తెల్వదు. డాక్టరు సారుకు గూడ తెల్వదు. సూదితోటి కాదన్నది తెల్సు. గీ చేతులతోటి ఎందరికో ఏసిన. తెల్సినకాడికే చెప్త."

ఆమె గోలీని వేళ్ళ మధ్య తిప్పింది.

"సూదితోటి కాకుంటే నాతోటి" అంది.

అప్పుడు చెప్పింది. ఆ పిల్లవాడు కడుపులో ఉన్న ఏడు సూర్యగ్రహణం పట్టింది. మా జిల్లాల్లో పట్టపగలే చీకటైన గ్రహణం. పక్షులు గూళ్ళకు పోయాయి. ఊళ్ళన్నీ తలుపులు బిగించుకున్నాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను పడుకోబెట్టి వేలు కూడా కదిలించవద్దన్నారు. కొయ్యకూడదు, కుట్టకూడదు, ముడి అసలే వెయ్యకూడదు. కాని చట్రం మీద పెళ్ళి చీరల నూలు సగం ముళ్ళతో ఉంది. మర్నాడు అది రంగులోకి పోవాలి. పెళ్ళివారు షావుకారును తొందరపెడితే షావుకారు వీళ్ళను తొందరపెట్టాడు. అత్త ముందరి గదిలో కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. వెనక గదిలో ఈమె దీపం పెట్టుకుని ముళ్ళు కట్టింది.

"చీకట్ల కట్టిన సిస్టరమ్మా. కట్టిన ప్రతి ముడి వాని నోటికే పడ్డది."

సిస్టరు వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చుంది.

"సూది ఏసినంక గట్లయిండని అత్తమ్మ అన్ననాడు నాకు పానం లేచొచ్చింది. నా మీదికి రాలే గదా అని. కాని నాకు తెల్సు. సూదికి ముందుగాలనే, పాలు తాగేటప్పుడే, వాడు నా మొఖం చూడకపోతుండె. చరఖా దిక్కు చూస్తుండె. ఎవ్వరికీ చెప్పలే. గిప్పుడు సూది మంచిదంటే నేను పాపిష్టిదాన్నయిత. చెడ్డదంటే బిడ్డకు తట్టొస్తది. ఏం చెయ్యమంటవు?"

ఐసు ముక్క నా చేతిలోనే కరిగి నీళ్ళు మోచేతిదాకా కారాయి. నేను ఇన్నేళ్ళుగా నా చేతిని చూసుకుంటున్నట్టే ఆమె తన వేళ్ళను చూసుకుంటోంది.

సిస్టరు అడిగింది. "ఆనాడు ఒక్కదానివే కట్టినవా?"

"ఒక్కదాన్నే ఎట్లయితది. చట్రానికి ఇద్దరుండాలె గదా. అవుతల దిక్కు నా తోటికోడలు."

"ఆమెకు అప్పుడు కడుపా?"

"నాకన్న నెల ఎక్కువ. అత్తమ్మకు చెప్పొద్దని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నం. మళ్ళ ఒకరికొకరం గూడ గా ముచ్చట ఎత్తలే."

"ఆమె కొడుకేడి? బడిల పంతులు నోరు మూయించలేక బయట కూసోబెడ్తున్నడు, వాడేనా?"

"వాడే."

"ఒకటే చట్రం. ఒకటే చీకటి. సగం ముళ్ళు నీయి, సగం ఆమెయి. మరి ఆమె కట్టిన ముళ్ళు యాడ పోయినయమ్మా?"

ఆ తోటికోడలి కొడుకును మీరు చూసి ఉంటే బాగుండేది. ఆ ఊళ్ళో బస్సు వచ్చిన సంగతి హారను కన్నా ముందు వాడి నోటి ద్వారా తెలిసేది. ఆమె ముఖంలో నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండగా లేచి, గోలీ అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయింది. బిడ్డను తెస్తానని అనలేదు.

మేం ఎదురుచూశాం. తట్టు మందు సీసాలో పొడిగా వస్తుంది, ఒకసారి నీళ్ళు కలిపితే సాయంత్రందాకా కూడా నిలవదు. కలపలేదు. ఎండ ముదిరింది. ఐసు సగానికి వచ్చింది. గోడ అవతలి నుంచి ఏ పిల్ల దగ్గినా నేను లేచి నిలబడుతున్నాను. సిస్టరు దూదిని పింజలు పింజలుగా విడదీస్తూ కూర్చుంది. దూది అయిపోయాక మళ్ళీ కలిపి ఉండ చేసింది.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. ముందు ఆమె, చంకలో ఆడపిల్ల. ఓ చేత్తో కొడుకును పట్టుకుంది, వాడి చేతిలో కండె. వెనక తోటికోడలు. ఆ వెనక, కాళ్ళీడ్చుకుంటూ, పోట్లాటకు సిద్ధంగా నానమ్మ. నల్లా దగ్గరి ఆడవాళ్ళు కూడా కొందరు గుమ్మం ముందు చేరారు.

"ఒకడు చాలలేదా నీకు?" అంది నానమ్మ.

"వాడు సూదికి ముందుగాల నుంచే గట్లనే ఉన్నడు అత్తమ్మా. నేను కన్నదాన్ని, నాకు తెల్సు."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి."

"నన్నెవ్వరు అడుగకపోతిరి."

నానమ్మ కోడలినీ, చిన్నకోడలినీ, సిస్టరునూ వరసగా చూసింది.

"గట్లయితే మరి దేంతోటి?"

"తెల్వదు అత్తమ్మా. సిస్టరమ్మకు గూడ తెల్వదట."

ముసలామె కొంగు నడుముకు దోపింది. "ఆమెకే తెల్వకపోతే ఇగ నాకేం తెలుస్తది" అని వచ్చి, కింద కూర్చుని, మనవరాలి కాళ్ళు రెండూ తన గట్టి చేతులతో పట్టుకుంది. "కానీయ్. జర మెల్లగ."

సిస్టరు సూది వేసింది. పిల్ల కెవ్వుమంది. అప్పుడు ఆ పిల్లవాడు కండె తిప్పడం ఆపి, తల ఎత్తి, చెల్లెలి వైపు చూసి, "చెల్లె" అన్నాడు. చిన్నగా, స్పష్టంగా అన్నాడు. తల్లి అలాగే నిలబడిపోయింది.

ఈసారి నేను కథ చెప్పలేదు. "వారం పది దినాలకు జ్వరం రావచ్చు. రాకనూ పోవచ్చు. వస్తే భయపడొద్దు" అని చెప్పాను. నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. ముందే చెప్పడం మంచిదో కాదో తెలియదు. నిజంగా జ్వరం వస్తే గల్లీ మళ్ళీ మూసుకుంటుంది, ఇక ఎప్పటికీ తెరుచుకోదు.

ఆ రోజులు నేను ఎలా గడిపానో అడగకండి. ఏదో ఓ నెపంతో రోజూ ఆ ఇంటి ముందు నుంచి పోయేవాణ్ణి. మగ్గం చప్పుడు వినబడితే అన్నం సహించేది. ఒక రోజు వినబడలేదు. గల్లీ నిండా మగ్గాలు ఆడుతున్నాయి, అదొక్కటే ఆగి ఉంది. గుమ్మం ముందు ఎవరివో చెప్పులు విప్పి ఉన్నాయి. అప్పుడు కోడలు తలుపు తీసింది, భుజం మీద పిల్ల, నుదుటి మీద తడిగుడ్డ.

"నువ్వన్నట్టే వచ్చింది సారు" అంది. "తగ్గుతున్నది గూడ. ఫికర్ లేదు. నీళ్ళు తాగి పో, మొఖం గట్లున్నదేంది."

నువ్వన్నట్టే. నా ఉద్యోగ జీవితంలో నాకు అందిన మెచ్చుకోలు అదొక్కటే.

ఆ ఎండాకాలం తట్టు గోడ దాటి నేతగల్లీలోకి వచ్చింది. కొన్ని ఇళ్ళల్లో పడింది. ఆ ఇంటి గడప తొక్కలేదు. తర్వాతి బుధవారాల్లో ఒకరిద్దరు తల్లులు వచ్చారు, ఆ తర్వాత ఇంకొందరు. వచ్చిన ప్రతి ఒక్కరూ నన్ను పిల్లలెంతమంది అని అడిగి నవ్వి పోయేవారు.

ఇక ఒప్పుకోలు. ఎలుగుబంటిని వెనక్కి తీసుకుంటానని మీరు ఎదురుచూస్తున్నారు. తీసుకోను. ఎలుగుబంటి నిజం. గ్రహణం, చట్రం, ఇద్దరు తోటికోడళ్ళు, అంతా నిజం. నేను కల్పించింది ఒక్కటే మాట. "చెల్లె."

ఈ కథ ఎక్కడ చెప్పినా వినేవాళ్ళు చివరికి అడిగేది ఒకటే, ఆ పిల్లగాడు మాట్లాడిండా అని. లేదంటే వాళ్ళ ముఖాలు వాడిపోయేవి. అందుకని ఏదో ఒకసారి వాడి నోట్లో ఆ మాట పెట్టాను. అందరికీ బాగుంది. అక్కడే ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం నార్కట్‌పల్లి బస్టాండులో ఆమె కనబడింది. పక్కన కూతురు, పుస్తకాల సంచితో, నన్నెవరో అనుకుని చూస్తోంది. అత్తగారు పోయిందట. గ్రహణం ముచ్చట ఇక ఎవరికైనా చెప్పుకోవచ్చంది. కొడుకు పెద్దవాడయ్యాడు, ఇప్పటికీ మాట లేదు, ఇంట్లో నూలంతా వాడే చుడతాడు, ఒక్క పోగు తెగనివ్వడట.

"మా వాడు మాట్లాడిండని చెప్తున్నవట సారు."

నేను బస్సు వైపు చూశాను.

"వాడు మాట్లాడకుంటే బిడ్డకు ఏయించిన సూది ఉత్తగ పోతదా? వాని నోట్ల మాటలు పెట్టకు. వాడెట్లున్నడో గట్లనే చెప్పు."

చెబుతున్నాను. ఆ రోజు సిస్టరు సూది వేసింది. పిల్ల కెవ్వుమంది. మగ్గం వెనక్కి పోదామంటే అక్కడ మగ్గం లేదు. వాడు కండెను కింద పడేసి, చెవులు మూసుకుని, నా ఐసు డబ్బా వెనక కూర్చున్నాడు. వాళ్ళమ్మ వచ్చి, ఏమీ అనకుండా, కండె తీసి వాడి ముందు నేలమీద గిర్రున తిప్పింది. అది ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.